మూడో మెట్టు మీద ఏడాది

శనివారం పొద్దున తొమ్మిది గంటల సమయమే కావాలని ఫోన్లో పట్టుబట్టాను. పదకొండుకు ఖాళీ ఉందన్నారు, పన్నెండుకు కూడా ఉందన్నారు. అవేవీ వద్దన్నాను. ఆ రోజుకు మొదటి మనిషిని నేనే కావాలి.

బంగారు గనుల పక్కన రాబర్ట్‌సన్‌పేటలో మాది పాత్రల అంగడి. ఇత్తడి బిందెలు పట్టుకునే నడక నేర్చానని ఇంట్లో చెబుతారు. పొద్దున షట్టరు ఎత్తగానే వచ్చిన మొదటి గిరాకీని నాన్న ఎప్పుడూ ఉత్త చేతులతో పంపలేదు. బోణీ మనిషి తిరిగిపోతే ఆ రోజంతా అలాగే పోతుందని ఆయన భయం. అందుకని తొమ్మిదింటికి వచ్చినవాళ్ళు ఎంతకడిగితే అంతకు ఇచ్చేసేవాడు. ఈ సంగతి తెలిసిన ఆడవాళ్ళు కొందరు షట్టరు ఎత్తకముందే వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్ళు. నేనూ పెద్దయ్యాక బట్టల అంగడికి వెళ్ళినా, బ్యాంకుకు వెళ్ళినా, చివరికి పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా తొమ్మిదింటికే వెళ్ళేదాన్ని. పన్ను విషయంలో దానివల్ల ఏం లాభం కలిగిందో ఇప్పటికీ చెప్పలేను.

కోలారులో నేను సమయం తీసుకున్న మేడమ్ కూర్చునేది ఒక చిన్న ఆసుపత్రి మొదటి అంతస్తులో. ఆమె మందులు రాసే డాక్టరు కాదు, మాటలతో వైద్యం చేసే సైకాలజిస్టు. అంతకుముందు నన్ను చూసిన డాక్టరు నా జబ్బు పేరు చీటీ మీద రాసి, దీనికి మాత్రలకన్నా మాటల వైద్యమే ముఖ్యమని ఆమె దగ్గరికి పంపాడు. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. పేరే ఇంత పొడుగుంటే వైద్యం ఇంకెంత పొడుగుంటుందో అని నాకు అనుమానం వచ్చింది. కాబట్టి తయారయ్యే వెళ్ళాను.

ఆమె అరగంట సేపు నా సంగతులు అడిగింది. తర్వాత, వారానికి ఒకసారి చొప్పున ఒక ఏడాది అంది.

అవతలివాళ్ళు చెప్పినదానిలో మూడో వంతు కన్నా కింద మొదలుపెట్టి సగం దగ్గర ఆగమని నాన్న నేర్పాడు. పన్నెండు వారాలన్నాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. ఏడాది అంది. పదహారన్నాను. ఏడాది అంది. సరే మేడమ్, మీ మాటా వద్దు నా మాటా వద్దు, ఆరు నెలలకు ముగించేద్దామన్నాను. ఈ మాట దగ్గర మా జిల్లాలో ఏ వ్యాపారి అయినా మెత్తబడతాడు. ఆమెది శ్రీనివాసపురం పక్క పల్లె, మామిడి తోటల ఇల్లు. బేరమంటే తెలియని మనిషి కాదు.

"చూడండమ్మా," అంది. "కొన్ని చోట్ల ఆరు నెలలు చేస్తారు. కొన్ని చోట్ల ఏడాది, ఏడాదిన్నర. రెండేండ్లు మూడేండ్లు చేసేవాళ్ళూ ఉండారు. ఎవరికి ఎంత చాలునో ముందే గట్టిగా చెప్పేవాళ్ళు ఇంగా లేరు. నాకూ తెలీదు. నేను చేసేది ఏడాది. మధ్యలో ఒకసారి యాడికి వచ్చినామో ఇద్దరం చూస్తాము."

"మీకే తెలీనప్పుడు ఆరు నెలలు అయితే ఏమి?"

"అయితే ఏమీ లేదు. కానీ ఎంత అని చెప్పినామో అంత చేయాల. మీకు అది ముఖ్యమనిపిస్తా ఉండాది నాకు."

తన సరుకు గురించి తనకే పూర్తిగా తెలియదని చెప్పే మనిషిని అంతకుముందు చూడలేదు. ఇక నా దగ్గర మిగిలిన ఉపాయం ఒక్కటే. లేచాను.

దీని గురించి కొంచెం చెప్పాలి. మా అంగడికి నాలుగు మెట్లు. బేరం తెగనప్పుడు గిరాకీ లేచి వెళ్ళిపోతుంది. మొదటి మెట్టు విసురుగా దిగుతుంది, రెండోది కూడా. మూడో మెట్టు మీద చీర సర్దుకుంటుంది, లేదా సంచీలో ఏదో వెతుక్కుంటుంది. అప్పుడు నాన్న లోపలినుంచి "రామ్మా, రా, నీ మాటే కానీ" అని పిలుస్తాడు. ఆయన పిలుస్తాడని ఆమెకు తెలుసు, ఆమె ఆగుతుందని ఆయనకు తెలుసు. నాలుగో మెట్టు దిగినవాళ్ళను పిలవడం మర్యాద కాదు. గనులు మూతపడి బజారు సగం ఖాళీ అయిన రోజుల్లో కూడా నాన్న నాలుగో మెట్టు దాటినవాళ్ళను పిలవలేదు.

ఆసుపత్రిలో మెట్లు చాలానే ఉన్నాయి. పైనుంచి మూడో మెట్టు మీద ఆగి ఫోన్ తీశాను. గది తలుపు తెరిచే ఉంది. ఫోన్లో చూడటానికేమీ లేకపోయినా చూశాను. ఒకతను నన్ను తప్పించుకుని పైకి వెళ్ళాడు. ఎవరూ పిలవలేదు. కిందికి దిగి బంగారుపేట బస్సెక్కాను.

ఆ తర్వాతి శనివారం తొమ్మిదింటికి మళ్ళీ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పాలంటే అంతకుముందు సంగతి కొంచెం చెప్పాలి.

నేను పనిచేసేది మాలూరులో, ఒక ఫ్యాక్టరీ కొనుగోళ్ళ విభాగంలో. బోల్టులు, గ్రీజు, అట్టపెట్టెలు అమ్మేవాళ్ళతో రోజంతా బేరమాడటమే నా ఉద్యోగం. అందులో నన్ను మించినవాళ్ళు లేరు. అది అయిపోయాక నాలో ఏమీ ఉండేది కాదు. దుఃఖం అంటే అదొక సరుకు. అది కూడా ఉండేది కాదు. ఒక సాయంత్రం మాలూరులో రైలెక్కి, మా స్టేషన్లో దిగకుండా చివరి స్టేషను మారికుప్పం దాకా వెళ్ళి, అందరూ దిగిపోయాక కూడా అలాగే కూర్చున్నాను. ఊడ్చే ఆమె వచ్చి కాళ్ళు పైకి పెట్టుకోమంది. పెట్టుకున్నాను. ఆమె ఊడ్చుకుని వెళ్ళిపోయింది. కాళ్ళు దించాలని కూడా నాకు తోచలేదు.

నన్ను నేను నొప్పించుకునే అలవాటు ఒకటి ఉండేది. దాని గురించి ఇక్కడ ఇంతకన్నా రాయను. నాన్న ఒకరోజు చూశాడు. చూసి, అంగడి మూసేసి, ఎవరినో అడిగి ఆ మొదటి డాక్టరు అడ్రసు తెచ్చాడు. పట్టపగలు అంగడి మూయడం నా ఎరుకలో అదే మొదటిసారి.

అందుకని వెళ్ళాను. ఈ వైద్యం ఎప్పుడు అయిపోతుందో ముందే ఖాయం చేసుకోవడం తప్ప నాకు వేరే కోరిక లేదు. అయిపోయాక, ఎవరూ చూడని చోట, మళ్ళీ ఆ పని చేయకుండా నేను నిలబడగలనా అన్నది అప్పటికి నా బేరంలో లేదు. అసలు అడగాల్సింది అదే.

ఆమె "రాండి, కూచోండి" అంది. పోయిన వారం సంగతి ఎత్తలేదు. నేనే ఎత్తాను. నేను మెట్ల మీద నిలబడింది కనిపించలేదా అన్నాను.

"కనిపించింది," అంది. "పోవాలంటే పోవచ్చునమ్మా మీరు. ఈ గంట మాత్రం మీది. ఈ గంటలో నేను ఈడనే ఉంటాను."

పిలిచి ఉంటే బాగుండేది కదా అన్నాను. పిలిస్తే ఇంకోసారి ఎంత దూరం పోయి ఆగుతారు అని అడిగింది. నేను లెక్క వేశాను. నిజంగానే వేశాను. ఆసుపత్రి గేటు దాకా అనిపించింది. ఆ తర్వాత బస్టాండు. నేను ప్రేమించిన ఒకాయన విషయంలో నేను బస్టాండు దాకా కాదు, నంగలి దాటి ఆంధ్రాలోకి కూడా వెళ్ళాను, ఆయన ప్రతిసారీ బండి వేసుకుని వెనకాలే వచ్చి పిలిచాడు. ఒకసారి రాలేదు. నేను పలమనేరు బస్టాండులో రెండు గంటలు కూర్చుని, టీ తాగి, ఇంటికొచ్చాను. అప్పటినుంచి ఆయన నా జీవితంలో లేడు. ఈ కథ చెబుతున్నప్పుడు నా గొంతులో ఏ మార్పూ లేదని మేడమ్ అంది. గ్రీజు డబ్బాల గురించి చెప్పేటప్పుడు కూడా ఇలాగే ఉంటుందన్నాను.

వారాలు గడిచాయి. ఇంటికి ఒక అట్ట ఇచ్చేది. ప్రతిరోజూ ఎంత బాధగా ఉందో సున్నా నుంచి అయిదు దాకా ఒక అంకె వేయాలి, నొప్పించుకోవాలనిపించిందా లేదా రాయాలి. నేను శనివారం బస్సులో కూర్చుని ఏడు రోజులకూ ఒకేసారి మూడు వేసేదాన్ని. మూడు వేస్తే ఎవరూ అడగరు. నాలుగో వారం ఆమె అట్ట తిప్పి తిప్పి చూసి, అన్ని దినాలూ మూడేనా అంది. ఫిక్స్‌డ్ రేటు మేడమ్ అన్నాను. ఆమెకు మొదటిసారి నవ్వొచ్చింది. నవ్వాక ఇద్దరం కలిసి ఆ వారమంతా మళ్ళీ మొదటినుంచి రాశాం. సోమవారం రెండు. బుధవారం అయిదు. బుధవారం ఏమైందో గుర్తు తెచ్చుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మా మేనేజరు నాతో మాట్లాడకుండా పక్కామెతో మాట్లాడాడు, అంతే. ఇంతదానికి అయిదా అన్నాను. ఇంతదానికి అయిదే అంది. అలాంటప్పుడు ఏం చేయాలో, చల్లటి నీళ్ళు ముఖాన కొట్టుకోవడం దగ్గరనుంచి, ఒక్కొక్కటే నేర్పింది. వాటిలో గొప్పవేమీ లేవు. ఇన్ని చిన్న సామాన్లకు ఏడాదా అనిపించేది.

నాలుగో నెలలో ఒక సంగతి తెలిసింది. ఆ రోజు బస్సు ముందే వచ్చి ఎనిమిదింబావుకే చేరాను. ఆమె గదిలోనుంచి ఒక పెద్దాయన బయటికి వచ్చాడు. ఆయన తర్వాత ఒక కాలేజీ అమ్మాయి లోపలికి వెళ్ళింది. తొమ్మిదికి నేను వెళ్ళి, నాకన్నా ముందు ఎవరైనా ఉంటారా అని అడిగాను. రోజూ ఇద్దరు ఉంటారంది. నాలుగు నెలలుగా నేను బోణీని కాదు. మూడో మనిషిని. ఎందుకో చాలా మోసపోయినట్టనిపించింది. ఎందుకని అడిగితే బోణీ సంగతంతా చెప్పాల్సివచ్చింది. ఆమె శ్రద్ధగా విని, మొదట వచ్చినవాళ్ళకైనా ఆఖర వచ్చినవాళ్ళకైనా తను ఇచ్చేది ఒకటే అంది. అది నాకు ఓదార్పుగా లేదు. ఆ వారం అట్ట మీద నిజంగానే నాలుగు వేశాను.

మామిడి కాలంలో ఆమె రెండు వారాలు సెలవు పెట్టింది. నెల ముందే చెప్పింది. తోట కోతలని, ఇంట్లో మనుషులు చాలరని చెప్పింది. ఆమె లేని వారాలకు ఏం చేయాలో కాగితం రాసుకున్నాం. ఆ రెండు వారాలు నేను బాగానే ఉన్నాను. ఆమె తిరిగి వచ్చిన వారం నేను వెళ్ళలేదు. ఆ తర్వాతి వారం కూడా. మూడో వారం కూడా.

ఆమె మొదట్లోనే ఒక నియమం చెప్పింది. వరుసగా నాలుగు వారాలు రాకపోతే వైద్యం అక్కడితో ఆగిపోతుంది. ఎందుకు రాలేదని బతిమాలరు, వెతకరు. మూడు మెట్లు అయ్యాయి. నేను ఫోన్ పక్కనే పెట్టుకుని ఉన్నాను.

నాలుగో వారం శుక్రవారం సాయంత్రం అంగట్లో నాన్నకు సాయంగా కూర్చున్నాను. రేపు పోవాలా అని అడిగాడు. ఆ మేడమ్ ఫోన్ చేస్తే పోతానన్నాను. నియమం కూడా చెప్పాను. ఆయన గిన్నెలు ఒకదానిలో ఒకటి పేర్చసాగాడు.

"పోతా ఉండే గిరాకీని పిలిచేది యాపారమమ్మా," అన్నాడు చివరికి. "నువ్వు ఇంట్లోనూ అదే మెట్టు దిగతా ఉంటావు. చిన్నప్పటినుంచీ చూస్తా ఉండాను. మీయమ్మ పిలిచింది, నేను పిలిచినాను. ఆ బండి పిల్లోడూ పిలిచినాడు పాపం. నాకు మోకాళ్ళు నొప్పులు. ఇంగ గడపదాకా లేచి రాలేను."

ఆయన గిన్నెలు పేర్చడం పూర్తిచేసి, "పొద్దున బస్సు ఏడింబావుకు," అన్నాడు.

వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. మూడు వారాలూ ఈ గంట ఇక్కడే కూర్చున్నానని, వేరేవాళ్ళకు ఇవ్వలేదని ఆమె చెప్పింది. ఏం చేశారని అడిగాను. కిటికీలోనుంచి రోడ్డు చూస్తూ ఉన్నానంది. ఇలాంటప్పుడు మనిషి ఏడవాలి. నాకు ఏడుపు రాలేదు. ఆమె బల్ల కింద ఆమె చెప్పులు కనిపించాయి, ఒకదాని పట్టీ కుట్టించుకుని ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను.

పదో నెల దాటాక నేను మళ్ళీ బేరం మొదలుపెట్టాను, ఈసారి పైకి. జీవితంలో మొదటిసారి, చెప్పినదానికన్నా ఎక్కువ ఇస్తానని నేనే అంటున్నాను. ఇంకో ఏడాది అన్నాను. ఒప్పుకోదని తెలుసు కాబట్టి ఆరు నెలల దగ్గర ఆగే ఉద్దేశంతో అన్నాను. ఏడాదిన్నర చేసేవాళ్ళు ఉన్నారని మీరే చెప్పారు కదా అన్నాను. రెండేళ్ళు, మూడేళ్ళు అని కూడా అన్నారు, నాకు బాగా గుర్తుంది అన్నాను.

కొందరికి పొడిగిస్తానంది. మీకు పొడిగిస్తే ఏం చేద్దామో రాసుకుని రమ్మంది. నేను రెండు పేజీలు రాశాను. ఆ వారం అట్ట మీద ఏడు అయిదులు వేశాను. సొట్టపడిన బిందెను వెలుతురులో పెట్టి చూపించి ధర తగ్గించుకున్నట్టు, నా సొట్టలన్నీ ఆమెకు కనబడేలా పెట్టాను. ఆ అయిదుల్లో రెండు నిజం. ఏ రెండో ఇప్పుడు చెప్పలేను, అప్పుడు కూడా చెప్పలేకపోయాను.

ఆమె రెండు పేజీలూ చదివింది. అట్ట చూసింది. ఈ ఏడు దినాల్లో నొప్పించుకున్నారా అని అడిగింది. లేదన్నాను. అంతకుముందు నెల? లేదు. చివరిసారి ఎప్పుడని అడిగింది. మామిడి కాలానికి ముందు అన్నాను. నాకే కొంచెం ఆశ్చర్యమేసింది. నా బేరం నేనే చెడగొట్టుకున్నానని కూడా అర్థమైంది.

"అయిదు ఉన్న దినాలు ఏం చేసినారు?"

"నీళ్ళు కొట్టుకున్నాను. నడిచినాను. ఒకరోజు అంగట్లో బిందెలన్నీ తోమినాను."

"ఏడాది అయినాక అయిదులు రావని నేను యాపొద్దూ చెప్పలేదమ్మా. వస్తాయి. వచ్చినపుడు మీరు ఏం చేస్తారనేదే మనం చూస్తా ఉండింది."

"మీరు లేకుంటే చేస్తానో లేదో ఎట్ల తెలుస్తాది?"

"నేను ఉంటే తెలీదు," అంది.

బేరం తెగనప్పుడు లేచి వెళ్ళడం నాకు తెలుసు. ఆ రోజు లేవలేదు. మిగిలిన పదిహేను నిమిషాలు ఆమె ఎదురుగా కూర్చుని, ఆపేస్తున్నందుకు నాకు ఆమె మీద ఎంత కోపంగా ఉందో చెప్పాను. మెత్తగానే చెప్పాను. ఆమె విన్నది. గంట అయిపోయింది.

చివరి శనివారం ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో, ఏ ఆసుపత్రికి వెళ్ళాలో ఒక కాగితం మీద ఇద్దరం రాసుకున్నాం. నేను చివరి ప్రయత్నంగా కొసరు అడిగాను. మా అంగట్లో పెద్ద సామాను కొన్నవాళ్ళకు ఒక గరిటె కొసరు వేస్తామని, ఏడాది చేసినదానికి ఒక్క వారం కొసరు వేయమని అడిగాను. మూడు నెలల తర్వాత ఒకసారి వచ్చి కనిపించాలంది. అది మొదటినుంచీ చెప్పినదే, కొసరు కాదని కూడా అంది. నమస్కారం పెట్టి లేచాను. లోపల ఏమైనా ఉందా అని చూసుకున్నాను. పెద్దగా లేదు. మెట్ల దగ్గరికి వచ్చి మొదటిది దిగాను, రెండోది దిగాను.

"అమ్మా, ఆగండి."

నిజంగానే పిలిచింది. నేను మూడో మెట్టు మీద ఉన్నాను. తిరిగి చూస్తే తలుపు దగ్గర నిలబడి ఉంది, చేతిలో నా స్టీలు నీళ్ళ సీసా.

కావాలని మరిచిపోలేదు. ఇది చెబితే నాన్న కూడా నమ్మడని తెలుసు, అయినా చెబుతున్నాను. పైకి ఎక్కి సీసా తీసుకున్నాను. ఆమె లోపలికి వెళ్ళింది. నేను దిగిపోయాను.

ఇంటికెళ్ళగానే నాన్న అడిగిన మొదటి మాట, "పిలిచిందా?"

"పిలిచింది. సీసా మరిచిపోయినానని."

"మన అంగడి సీసానా?"

"ఆఁ."

"మూత గట్టిగా ఉంటాది దానిది," అన్నాడు. భోజనానికి రమ్మన్నాడు.

ఆ తర్వాతి శనివారం ఏడింబావు బస్సు నేను లేకుండానే వెళ్ళింది. మా వీధి మలుపులో దాని హారను వినిపించింది. అంగడి షట్టరు నేనే ఎత్తాను. గాలికి గనుల దిబ్బల మీది దుమ్ము వచ్చి బిందెల మీద పడి ఉంది. తుడిచాను. తొమ్మిదికి ఒకామె వచ్చి ఇడ్లీ పాత్ర అడిగింది. ఆమె చెప్పిన ధరకే ఇచ్చేశాను. బోణీ. ఆమె వెళ్ళాక ఇంకెవరూ రాలేదు. తొమ్మిదీ ఇరవైకి బాధ నాలుగు ఉన్నట్టనిపించింది. లోపలికి వెళ్ళి ముఖాన నీళ్ళు కొట్టుకున్నాను. వచ్చి గల్లాపెట్టె వెనక కూర్చున్నాను. మేడమ్ ఈ గంట ఎవరికిచ్చిందో అనుకున్నాను. మళ్ళీ లేచి నీళ్ళు కొట్టుకున్నాను. మేడమ్ గంట అంటే యాభై నిమిషాలు; తొమ్మిదీ యాభైకి అది అయిపోయిందని ఎవరూ చెప్పలేదు. గోడగడియారంలో నేనే చూసుకున్నాను. అట్ట ఇక రాయనక్కరలేదు. అయినా ఒక పాత రసీదు వెనక మూడు అని రాసి, ఈసారి నిజంగానే మూడు కాబట్టి, దాన్ని పారేయకుండా గల్లాపెట్టెలో పెట్టాను.